7:31కి పొగ రంగు మారింది

మా బావ ఫోన్లో ఆ గ్రాఫు ఇప్పటికీ ఉంది. చెరిపెయ్యమని అక్క పోరుతూనే ఉంది, అతను చెరపడు. అందులో రెండు గీతలు. ఎర్రది గ్రిల్లు లోపలి వేడి, నీలంది మాంసం మధ్యలో వేడి. శనివారం పొద్దున 6:58కి రెండూ మొదలయ్యాయి. 7:31కి ఎర్రగీత తాటిచెట్టులా నిటారుగా లేచింది. ఎనిమిదిన్నర కాకముందే అంత నిటారుగానూ పడిపోయింది. 9:40కి రెండూ ఒకేసారి తెగిపోయాయి. ఆ తర్వాత అరగంట పైగా ఏమీ లేదు, ఖాళీ.

ఆ రోజు నేను విజయవాడలో ఉన్నాను. మూడు నెలల తర్వాత, చలికాలంలో, వాళ్లింటికి వెళ్లినప్పుడు ఈ గ్రాఫు చూశాను. పెరటి కెమెరా వీడియో ఒకటుంది, శబ్దం లేకుండా. అక్క దాన్ని విడిగా దాచిపెట్టింది, ఎప్పటికైనా దెప్పడానికి పనికొస్తుందని. ఇంకా అక్క వాంగ్మూలం ఉంది, పక్కింటి పెద్దాయన చెప్పిన మాటలున్నాయి. ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టుకుని, కన్సాస్ రాష్ట్రం ఓవర్‌ల్యాండ్ పార్కులో ఒక ఇంటి వెనక ఆ శనివారం ఏం జరిగిందో వరసగా రాస్తున్నాను.

ముందు కాగితం సంగతి చెప్పాలి.

సెప్టెంబరు మొదటి సోమవారం అమెరికాలో లేబర్ డే సెలవు. దానికి ముందు శనివారం సాయంత్రం నాలుగింటికి ఆ వీధివాళ్లంతా కలిసి భోంచేస్తారు. ఇంటికొక వంటకం. ఎవరేం తెస్తారో రాయమని రెండు వారాల ముందు ఒక కాగితం ఇల్లిల్లూ తిరిగింది. ఒకరు బంగాళదుంపల సలాడు, ఒకరు ఉడికించిన మొక్కజొన్న, ఇంకొకరు యాపిల్ పై. అక్క పులిహోర అని రాద్దామనుకుంది. పెన్ను బావ చేతిలో ఉంది. “తీపి రిబ్స్, పొగలో వండినవి” అని రాసి పక్కింటికి పంపేశాడు. రిబ్స్ అంటే పంది పక్కటెముకలు.

గుంటూరు జిల్లాలో పెళ్లికి కన్సాస్ వాడొకడు తను నూరిన గోంగూర పచ్చడి జాడీ పట్టుకుని దిగాడనుకోండి, ఇదీ అలాంటిదే. స్టేట్ లైన్ రోడ్డు దాటితే మిస్సోరీ వైపు కన్సాస్ సిటీ. పొగలో మగ్గబెట్టిన మాంసం ఆ ఊరికి కులదైవం. అక్కడి అమెరికన్ రాయల్ వంటల పోటీ 1980 నుంచి జరుగుతోంది. రిబ్స్‌కి తీర్పు చెప్పడానికి జడ్జీలకి శిక్షణ ఇచ్చి మరీ పంపుతారు. అలాంటి ఊరి గుమ్మంలో కూర్చుని, అప్పటిదాకా పంది మాంసం ఒక్కసారి కూడా వండని మనిషి ఆ మాట రాశాడు.

“ఎందుకు రాశావు బావా?” అని అడిగాను.

“చెయ్యి ఊరుకోలేదు బామ్మర్దీ” అన్నాడు. ఆ కేసులో నిందితుడి వాంగ్మూలం అంతే.

మా బావ మేనత్త కొడుకు. ఇద్దరం ఒకే వీధిలో పెరిగాం. మా ఊళ్లో పంది మాంసం తినే ఇళ్లు ఊరికి ఒక చివర ఉండేవి. ఆ చివరకి మమ్మల్ని పంపేవాళ్లు కాదు, ఎందుకని మేమూ అడగలేదు. అమెరికా వచ్చిన రెండో ఏడాది ఆఫీసు విందులో బావ మొదటిసారి రిబ్స్ తిన్నాడు. ఆ రాత్రి అక్కకి చెప్పలేదు. అక్క ఇప్పటికీ తినదు, ముట్టుకోదు. కానీ వండేటప్పుడు ఏం జరిగిందో గంటా నిమిషాలతో చెప్పగలిగింది అక్కే.

శుక్రవారం సాయంత్రం మూడు పలకలు కొన్నాడు. అక్కడ వాటిని ర్యాక్ అంటారు, మనం పలక అందాం. ఒక్కోటి కేజీ పైచిలుకు. పందిలో పక్కటెముకలు రెండు రకాలుగా దొరుకుతాయి. వెన్నుకి ఆనుకుని ఉండే పైభాగం చిన్నగా, వంపు తిరిగి, త్వరగా ఉడుకుతుంది, దాన్ని బేబీ బ్యాక్ అంటారు. కింద పొట్ట వైపువి స్పేర్ రిబ్స్. వాటిలో రొమ్ముటెముక వైపు మృదులాస్థి కోసేసి నాలుగంచులూ చదరంగా చేస్తే సెయింట్ లూయీ కట్. కొవ్వు ఎక్కువ, ఉడకడానికి ఆలస్యం, రుచీ ఎక్కువే. బావ కొన్నవి ఇవి.

పలక వెనకవైపు ఎముకల మీద సన్నటి తెల్లటి పొర ఒకటి అంటుకుని ఉంటుంది. అది తియ్యకపోతే తినేటప్పుడు తోలులా నములుతూ ఉండాలి. చలికాలంలో నా కోసం మళ్లీ వండినప్పుడు దాన్ని తియ్యడం దగ్గర నిలబడి చూశాను. అంచు ఎముక మీద పొర కిందికి టీస్పూను కాడ దూర్చి, మెల్లగా పైకి లేపాడు. పొర కాస్త గుడారంలా లేచింది. వేళ్లతో పట్టుకుంటే జారిపోతోంది. పేపర్ టవల్ ముక్కతో పట్టుకుని లాగాడు. బల్లికుబుసంలా చర్రుమని చివరిదాకా ఒకే ముక్కగా ఊడొచ్చింది. ఆ చప్పుడు విన్నాక అక్క వంటింట్లోంచి వెళ్లిపోయింది.

ఆ తర్వాత పలకకి రెండు వైపులా ఆవపిండి పేస్టు పల్చగా రాసి, పైన మసాలా పొడి అద్దాడు. బ్రౌన్ షుగర్, ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి పొడి, పాప్రికా. పాప్రికాకి రంగే తప్ప కారం లేదని అందులో రెండు చెంచాల గుంటూరు కారం కలిపాడు. బ్రౌన్ షుగర్ అంటే పంచదారలో చెరకు మడ్డి ఉన్నది, చేతిలో తడిగా ముద్దవుతుంది, వాసన మన బెల్లానిదే. శుక్రవారం రాత్రికి మూడు పలకలూ ఫ్రిజ్‌లోకి వెళ్లాయి. ఇక్కడిదాకా అతని తప్పు ఒక్కటీ లేదు. పైగా, నా లెక్కలో, బాగానే చేశాడు.

శనివారం 6:10. కెమెరాలో బావ లుంగీతో పెరట్లోకి వచ్చాడు. చేతిలో కాఫీ. కెటిల్ గ్రిల్లు మూత తీశాడు. నల్లటి గుండ్రటి కుండ, మూడు కాళ్లు, పైన డొప్పలాంటి మూత. కుండ అడుగునా, మూత మీదా గాలి బెజ్జాలు. వాటిని మూయడానికీ తెరవడానికీ చిన్న రేకులు.

ఈ కుండ పుట్టుక ఇక్కడ చెప్పెయ్యాలి, ఎందుకంటే బావ చేసిన తప్పే డెబ్బై ఏళ్ల కిందట దీన్ని తయారుచేసినవాడూ చేశాడు. షికాగోలో వెబర్ బ్రదర్స్ మెటల్ వర్క్స్ అనే రేకుల కార్ఖానా ఉండేది. మిషిగన్ సరస్సులో పడవలకి దారి చూపే తేలుడు బోయాల కోసం అక్కడ అర్ధగోళాలు ఒత్తేవాళ్లు. అందులో పనిచేసే జార్జ్ స్టీఫెన్‌కి పన్నెండు మంది పిల్లలు. ఆదివారాలు పెరట్లో ఇటుకల పొయ్యి మీద మాంసం కాల్చేవాడు. వాన వస్తే నిప్పు పోయేది, గాలి వస్తే మంట లేచి మాంసం మాడేది. 1952లో బోయా అర్ధగోళం ఒకటి తీసుకుని కాళ్లు పెట్టి, ఇంకో అర్ధగోళాన్ని మూతగా పెట్టి ఇంటికి తెచ్చాడు. నిప్పు వేసి మూత పెట్టగానే ఆరిపోయింది. మళ్లీ వెలిగించాడు, మళ్లీ ఆరిపోయింది. చూస్తూ నిలబడ్డ పొరుగాయన ఒకరు, నిప్పుకి గాలి కావాలయ్యా, దానికి బెజ్జాలు పెట్టు అన్నాడని కంపెనీవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. కట్టెల పొయ్యి ముందు ఊదుగొట్టంతో కూర్చున్న మన నాయనమ్మలు ఎవరైనా చెప్పేవాళ్లే. స్టీఫెన్ బెజ్జాలు పెట్టాడు. అక్కడినుంచి అమెరికాలో ఇంటింటి పెరట్లో ఈ కుండ చేరింది.

బావ కుండకి బెజ్జాలు ఉన్నాయి. అదే అతని దురదృష్టం.

6:25. చిమ్నీ అనే రేకు గొట్టం నిండా బొగ్గు బ్రికెట్లు పోసి, కింద కాగితం పెట్టి అంటించాడు. పావుగంటలో అన్నీ ఎర్రగా రాజుకున్నాయి. ఆ రాజుకున్న బొగ్గంతా కుండలో కుమ్మరించాడు. పైన పొగ కోసం హికరీ చెట్టు చెక్కముక్కలు ఆరు పెట్టాడు, ఫోనుకి వేడి అంకెలు పంపే థర్మామీటరు తీగ ముల్లు ఒకటి ఊచలకి తగిలించి, రెండోది మాంసంలో గుచ్చాడు. రెండు పలకలు ఎక్కించి, మూత పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. మూడో పలకకి జాగా లేక ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది. ఆ పలకకి ఆయుష్షు ఉంది.

అతనికి కావలసిన వేడి 225 ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 107 డిగ్రీలు. అంకెలన్నీ మన లెక్కకే మార్చి చెప్తాను. 107 దగ్గర ఐదారు గంటలు ఉంచితేనే పక్కటెముకల్లోని కొలాజెన్, అంటే కండని కట్టిపడేసే గట్టి నరంలాంటి పదార్థం, కరిగి జిలెటిన్ అవుతుంది. అది వేడిని బట్టే కాదు, సమయాన్ని బట్టీ జరిగే పని, తొందర పెడితే జరగదు. కుండ నిండా రాజుకున్న బొగ్గు ఉంటే 107 ఎక్కడ ఆగుతుంది? 7:31కి ఎర్రగీత 130 దాటింది. 7:46కి 171.

ఫోను మోగింది. బావ పరుగెత్తుకొచ్చాడు. ఒక్కటే మార్గం తోచింది. అడుగు బెజ్జాలు మూసేశాడు, పైవీ మూసేశాడు. గీత దిగడం మొదలైంది. కెమెరా వైపు తిరిగి, అక్క మాటల్లో చెప్పాలంటే, కొండ ఎత్తినవాడిలా నవ్వాడు.

అప్పుడే పొగ రంగు మారింది. నిజానికి మూత పక్కల నుంచి 7:31కే మారడం మొదలైంది, వీడియో నెమ్మదిగా తిప్పితే కనపడుతుంది. అంతకు ముందు పల్చగా, కనీకనపడనట్టు నీలిగా ఉన్న పొగ తెల్లబడింది. బెజ్జాలు మూశాక చిక్కబడి, పసుప్పచ్చ కలిసి, మూత అంచుల్లోంచి బరువుగా జారి గడ్డి మీదికి దిగింది.

చెక్క బాగా గాలి ఆడి కాలితే అందులోని లిగ్నిన్ విరిగి గ్వయకాల్, సిరింగాల్ అనే పదార్థాలు వస్తాయి. మనం పొగ రుచి అనేది వాటినే. గాలి అందక ఊపిరాడక కమిలితే వచ్చేది వేరు. పాత వంటిళ్లలో దూలాలకి జిగటగా పట్టిన పొగచూరు గుర్తుందా? అదే. ఆ పొగచూరు రెండు పలకల మీదా గంటన్నర సేపు దిగింది. దానికి ముందే 171 వేడిలో పైనున్న పంచదార మాడి చేదెక్కింది. మీద చేదు, దాని మీద ఇంకో చేదు.

9:12. కంచె అవతల నుంచి ఒక తల కనపడింది.

పక్కింటి పెద్దాయన నల్లజాతివాడు, రైల్వేలో చేసి రిటైరయ్యాడు, డెబ్బై దాటాయి. నాలుగేళ్లుగా ఇరుగుపొరుగైనా బావకీ ఆయనకీ చెయ్యి ఊపుకోవడమే తప్ప మాటల్లేవు. ఆయన కిటికీలు తెరిచి ఉన్నాయి. పొగంతా ఆయన పడగ్గదిలోకి వెళ్లింది.

“వంటా, ఇల్లు తగలబడుతోందా?” ఆయన మొదటి మాట.

“వంటేనండీ.”

“ఎవరి కోసం?”

బావ కాగితం సంగతి చెప్పాడు. ఆ కాగితం ఆయనకీ వచ్చింది. అందులో రిబ్స్ అని ఎవరు రాశారో చూసి నవ్వుకున్నాడట, నాతో చెప్పాడు. ఇవతలికి వచ్చి మూత తీశాడు. పలకలు నల్లగా, మెరుస్తూ, చూడ్డానికి ఏమంత పాడుగా లేవు. అంచు నుంచి చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. రెండు క్షణాలు ఆగి గడ్డిలోకి ఉమ్మాడు. బావ కూడా ఒక ముక్క తిన్నాడు. నాలుక మొద్దుబారిపోయింది, మధ్యాహ్నం దాకా కాఫీ రుచి తెలియలేదు.

“నీ నిప్పుకి ఊపిరాడలేదు” అన్నాడు పెద్దాయన. “వేడి ఎక్కువైతే బొగ్గు తగ్గించుకోవాలి. గాలి తియ్యకూడదు.”

9:40కి ముళ్లు పీకేశారు. రెండు పలకలూ చెత్తబుట్టలోకి వెళ్లాయి. నాలుగింటికి ఆరుగంటల ఇరవై నిమిషాలు ఉంది.

ఇక్కడ అక్క వాంగ్మూలం కీలకం. “పులిహోర చేసేస్తాను బావా, పరువు దక్కుతుంది అన్నాను. ఆ పెద్దాయన నా వైపు తిరిగి, పులిహోర కూడా చెయ్యమ్మా, కానీ రిబ్స్ వస్తాయి అన్నాడు. బావ అప్పటికే కారు తాళాలు తీసుకున్నాడు.” పది నిమిషాల దూరంలో మాంసం దొరుకుతుంది. ఇంకో రెండు పలకలు తెచ్చేసరికి పెద్దాయన కుండ ఖాళీ చేసి, నిప్పు కొత్తగా పేర్చి ఉంచాడు.

ఆ పేర్చడం చూడాల్సిందే. కుండ అంచు వెంబడి వెలిగించని బ్రికెట్లు రెండు వరసలు, వాటి మీద ఇంకో రెండు, అర్ధచంద్రాకారంలో గోడలా కట్టాడు. ఆ గోడ మీద అక్కడక్కడ చెక్కముక్కలు నాలుగు. మధ్యలో నీళ్లు పోసిన రేకు పళ్లెం. రాజుకున్న బొగ్గులు ఎనిమిదో తొమ్మిదో పట్టకారుతో తెచ్చి గోడ ఒక చివర ఆనించాడు, అంతే. అగరొత్తి కాలినట్టు ఆ చివర నుంచి ఈ చివరకి మెల్లగా రాజుకుంటూ పోతుంది. అడుగు బెజ్జం పావువంతు, మూత బెజ్జం పూర్తిగా తెరిచాడు. ఫ్రిజ్‌లో మిగిలినదానితో కలిపి మూడు పలకలూ పక్కపక్కన నిలబెట్టే స్టాండు తన ఇంట్లోంచి తెచ్చాడు. 10:14కి కొత్త గీతలు మొదలయ్యాయి. 110, 112, 109, 111. పొలం గట్టులా ఎక్కువ ఎత్తుపల్లాలు లేకుండా పోతూ ఉంది.

పెద్దాయన అన్నీ సరిగ్గా చేశాడని కాదు. చెక్కముక్కలు అరగంట నీళ్లలో నానబెట్టాలని పట్టుబట్టాడు. నానబెట్టినా చెక్కలోకి నీళ్లు దిగేది చాలా తక్కువ. ఉన్న తడి ఆవిరయ్యేదాకా అది పొగ ఇవ్వదు, వేడిని తినేస్తుంది. గ్రాఫులో సాక్ష్యం ఉంది. నిప్పు తడిముక్క దగ్గరికి చేరిన ప్రతిసారీ ఆ నిలకడైన ఎర్రగీత కూడా 99కి జారి, పావుగంటకి గాని తేరుకోలేదు. చలికాలంలో ఆయనకి ఇది చూపించాను. “మా నాన్న నానబెట్టేవాడు” అన్నాడు. ఇక నేను మాట్లాడలేదు.

పదకొండు నుంచి ఒంటిగంట దాకా కెమెరాలో ఏమీ జరగదు. ఇద్దరు మగవాళ్లు రెండు కుర్చీల్లో కూర్చుని ఉంటారు. బావ పదిసార్లు లేచి మూత మీద చెయ్యి వేస్తాడు, పెద్దాయన చెయ్యి ఎత్తుతాడు, బావ కూర్చుంటాడు. మూత తీసిన ప్రతిసారీ పోయిన వేడి తిరిగి రావడానికి పది నిమిషాలు పడుతుంది. మాటలు మాత్రం ఈ రెండు గంటల్లోనే నడిచాయి.

పెద్దాయన తండ్రి కుర్రతనంలో హెన్రీ పెర్రీ దగ్గర తిన్నాడట. ఆ పేరు కన్సాస్ సిటీలో తెలియనివాళ్లు తక్కువ. మెంఫిస్ దగ్గర పుట్టి, నదుల మీద తిరిగే స్టీమర్లలో వంటవాడిగా పనిచేసి, పెర్రీ 1907లో ఈ ఊరు చేరాడు. మరుసటేడు బట్టల కార్ఖానాల పేటలో ఒక సందులో పొగ మాంసం అమ్మడం మొదలుపెట్టాడు. నేలలో గొయ్యి, అందులో ఓక్, హికరీ కట్టెలు, పలక పాతిక సెంట్లు, పాత న్యూస్‌పేపర్లో చుట్టి ఇచ్చేవాడు. గొడ్డు మాంసం, పంది మాంసమే కాదు, రకూన్, ఒపోసమ్ లాంటి అడవి జంతువులూ దొరికేవి. తర్వాత పాత ట్రామ్ షెడ్డులోకి మారాడు. రంగును బట్టి పేటలు పంచుకున్న ఆ ఊళ్లో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఆయన దుకాణానికి వచ్చేవాళ్లు. ఆయన సాస్ మిరియాలతో మంటలా ఉండేది. తిన్నవాడు నోరు తెరుచుకుని ఆయాసపడితే పెర్రీకి ముచ్చటట. గుంటూరువాణ్ని కాబట్టి ఈ మనిషి నాకు వెంటనే అర్థమయ్యాడు.

పెర్రీ 1940లో పోయాక దుకాణం ఆయన దగ్గర పనిచేసిన చార్లీ బ్రయంట్‌కి, 1946లో చార్లీ తమ్ముడు ఆర్థర్‌కి వచ్చింది. ఆర్థర్ ఘాటు కాస్త తగ్గించాడు. ఆ ఊళ్లో పుట్టిన రచయిత కాల్విన్ ట్రిల్లిన్ 1972లో, ప్రపంచంలో అన్నిటికన్నా గొప్ప హోటల్ ఆర్థర్ బ్రయంట్‌దేనని ప్లేబోయ్ పత్రికలో రాశాడు.

మరి ఈ తీపి ఎక్కడిది? కన్సాస్ సిటీ అనగానే ప్రపంచమంతా అనుకునే ఆ చిక్కటి, నల్లటి, తియ్యటి సాస్ ఏ గొయ్యిలోనూ పుట్టలేదు. 1977లో రిచ్ డేవిస్ అనే ఆయన సీసాల్లో పోసి అమ్మిన సాస్‌తో అది ఇళ్లకి చేరింది. టొమాటో, చెరకు మడ్డి కలిసిన ఆ సాస్ తర్వాత కేసీ మాస్టర్‌పీస్ పేరుతో దేశమంతా పాకింది. 1986లో బొగ్గు బ్రికెట్లు చేసే కింగ్స్‌ఫోర్డ్ దాన్ని కొనేసింది, బొగ్గూ సాసూ ఒకే ఇంటివయ్యాయి. ఇంతకీ డేవిస్ వృత్తి ఏమిటంటే పిల్లల మానసిక వైద్యం. పిల్లల మనసు తెలిసినవాడు తీపి కలపక ఇంకేం కలుపుతాడు?

పెద్దాయనకి తీపి మీద కోపం లేదు. దాని వేళ గురించే పట్టింపు. “తీపి చివర రావాలి. ముందొస్తే మాడి చేదవుతుంది” అన్నాడు. పొడిలో బ్రౌన్ షుగర్ ఉండొచ్చు, 110 దగ్గర అది మాడదు, కరిగి పెచ్చు కడుతుంది. సాస్ మాత్రం ఆఖరి అరగంటలోనే.

12:48కి రెండో ప్రమాదం. ఈసారి నీలిగీత. అప్పటిదాకా మెట్లెక్కినట్టు పైకి వస్తున్న మాంసం వేడి 67 దగ్గర ఆగిపోయింది. పది నిమిషాలు, ఇరవై, ఇరవై అయిదు. 67, 67, 68, 67. ఎర్రగీత 111 దగ్గరే నిలకడగా ఉంది. నిప్పు ఉంది, మాంసం వేడెక్కదు. బావకి చెమటలు పట్టాయి.

చెమటలు పట్టింది మాంసానికి కూడా. అక్షరాలా. మాంసం లోపలి తడి పైకి వచ్చి ఆవిరవుతుంటే, ఆ ఆవిరి వేడిని తీసుకుపోతుంది. కొత్త మట్టికుండలో నీళ్లు చల్లబడేది ఈ లెక్కనే. నిప్పు ఎంత ఇస్తుందో చెమట అంత తీసేస్తుంటే గీత కదలదు. ఇది కొలాజెన్ కరగడం వల్ల అనీ, కొవ్వు వల్ల అనీ చాలాకాలం వాదించుకున్నారు. గ్రెగ్ బ్లాండర్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రయోగాలు చేసి చెమటే అని తేల్చాడు.

బావకి ఇదేమీ తెలియదు. అడుగు బెజ్జం పూర్తిగా తెరిచి మంట పెంచుదామని వంగాడు. కెమెరాలో స్పష్టంగా ఉంది, రేకు మీద వేలు పెట్టాడు. పక్క కుర్చీలో పెద్దాయన టోపీ మొహం మీద పెట్టుకుని నిద్రపోతున్నాడు. లేపాలా వద్దా? బావ వేలు ఆ రేకు మీద దాదాపు నిమిషం ఉంది. వెనక్కి తీసేశాడు.

“ఎందుకు తీశావు?” అని అడిగాను.

“పొద్దున కూడా ఆ రేకే కదా పట్టుకున్నాను” అన్నాడు.

1:15కి పెద్దాయన లేచాడు. అల్యూమినియం ఫాయిల్ రెండు మడతలు పరిచి, వెన్న ముక్కలు, బ్రౌన్ షుగర్, కొంచెం తేనె, దాని మీద పలకని మాంసం వైపు బోర్లించి గట్టిగా చుట్టాడు. చుట్టేస్తే చెమట ఆవిరి కాదు, మాంసం తన రసంలోనే ఉడుకుతుంది. టెక్సస్ వాళ్ల ఊతకర్ర అని దీనికి ఎగతాళి పేరు. నీలిగీత మళ్లీ కదిలింది. 2:00కి 80, 2:40కి 91. ఎముకల మధ్య గుచ్చిన ముల్లుని పూర్తిగా నమ్మకూడదు, ఎముకకి తగిలితే అంకె మారిపోతుంది. అందుకే ఫాయిల్ విప్పాక ఆయన అంకె చూడలేదు. పట్టకారుతో పలక ఒక చివర పట్టి ఎత్తాడు. అవతలి చివర బరువుగా విల్లులా వంగింది, మధ్యలో పైపెచ్చు చిన్నగా చిట్లింది. ఎముకల చివర్ల నుంచి మాంసం చిటికెన వేలి గోరంత వెనక్కి జరిగింది.

“ఇప్పుడు నీ తీపి తీసుకురా” అన్నాడు.

సీసాలోని సాస్‌లో బావ తన కారం ఇంకో చెంచా కలిపాడు. కుంచెతో ఒక పూత, పావుగంట మూత. రెండో పూత, ఇంకో పావుగంట. రెండోసారి మూత తీసినప్పుడు పలక మీద ఆకాశం కనపడిందని బావ అంటాడు. అక్క దీన్ని ఖండించింది. కానీ వీడియోలో వాటి మెరుపు నేనూ చూశాను.

3:38కి దించాడు. కోస్తే అంచు చుట్టూ వేలి గోరు మందాన గులాబీ రంగు పట్టీ. ఉడకలేదేమోనని మనవాళ్లు భయపడతారు, కాదు. పొగలోని వాయువులు మాంసంలోని మయోగ్లోబిన్‌తో కలిసి ఆ రంగుని పట్టి ఉంచుతాయి. అమెరికా ప్రభుత్వ లెక్క ప్రకారం పంది మాంసం 63 దాటితే భద్రమే, ఇది 90 దాటింది.

నాలుగింటికి వీధి మధ్య బల్లల మీద పులిహోర, పక్కన రిబ్స్. పులిహోర ముందు ఖాళీ అయ్యిందని అక్క నాకు రెండుసార్లు చెప్పింది. పక్కింటి పెద్దాయన ఒక ఎముక తీసుకుని కొరికాడు. కొరికినచోట పంటి గాటు అర్ధచంద్రంలా పడింది, మిగతా మాంసం ఎముకని వదల్లేదు. పోటీల్లో జడ్జీలు వెతికేది ఆ గాటునే. ఎముక నుంచి ఊడి పడిపోతే ఎక్కువ ఉడికిందని మార్కులు తగ్గిస్తారు. ఆయన బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు. ఇంకో ఎముక తీసుకున్నాడు. ఒక్కటే అడిగాడు, ఆ కారం ఏ కొట్లో దొరుకుతుందని.

ఆ రాత్రి రెండింటికి కెమెరా మళ్లీ మేలుకుంది. వీడియోలో చివరి ముక్క అదే. చీకట్లో చెత్తబుట్ట పక్కకి పడిపోయి ఉంది. నాలుగు మెరిసే కళ్లు, కళ్ల చుట్టూ నల్ల గంతలు, చారల తోకలు. రెండు రకూన్లు. హెన్రీ పెర్రీ దుకాణంలో ఇవి గొయ్యి మీద కాలేవి. ఇప్పుడవి పొద్దుటి రెండు పలకల్నీ గడ్డిలోకి లాక్కొచ్చి, చెరో కొసా పట్టుకుని, చేదు పెచ్చు ఓపిగ్గా గీకి పక్కన పడేసి, లోపలి మాంసం తింటున్నాయి.